చెలమల కాలమా, చిత్తడి కాలమా: కౌండిన్య అడవిని చూడదగిన ఋతువు

వేసవి పక్షం: అడవి జంతువులను వాటి నెలవులోనే చూడడానికి చేసే యాత్రను నేడు అందరూ సఫారీ అంటున్నారు. ప్రయాణమనే అర్థంలో తూర్పు ఆఫ్రికాలోని స్వాహిలీ భాష వాడుకునే ఈ మాటకు మూలం అరబ్బీ. ఉర్దూ ద్వారా తెలుగువారి చెవిన పడిన ‘సఫర్’ దీనికి తోబుట్టువే. ఆ యాత్రకు ఏ కాలం మేలన్న ప్రశ్నకు ఆఫ్రికాలో ఎక్కువమంది చెప్పే జవాబు ఎండు కాలమే. నమీబియాలోని ఎటోషాలో ఏడాది నడుమ నెలల్లో వాన దాదాపు ఉండదు కనుక గడ్డి ఎండి నేల తేటపడుతుంది, మిగిలిన కొద్దిపాటి నీటి గుంటల దగ్గరికి ఏనుగులూ జీబ్రాలూ సింహాలూ తమంతట తామే వస్తాయి, చూడవచ్చినవారు ఓపికగా ఒకచోట కూర్చుంటే చాలు. 1990లో ఏర్పడి, చిత్తూరు సీమలోని పలమనేరు, కుప్పం ప్రాంతాల్లో సుమారు 358 చదరపు కిలోమీటర్ల మేర పరచుకున్న కౌండిన్య అభయారణ్యానికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఇది శుష్క ఆకురాల్చు అడవి, అంటే తేమ తగ్గగానే చెట్లు ఆకులు రాల్చి నీటిని పొదుపు చేసుకునే రకం. ఫిబ్రవరి నుంచి మే దాకా పొదలు పలచబడి గుట్టల వాలు అంతా కంటికి ఆనుతుంది కనుక ఏనుగులను చూడగోరేవారికి అదే సరైన కాలం.

వానల పక్షం: ఆఫ్రికా ఒక్క జవాబు చెప్పిందనడం ఆ ఖండానికి అన్యాయం చేయడమే. టాంజానియాలోని సెరెంగెటి మైదానాల్లో తిరిగే సుమారు 13 లక్షల వైల్డ్‌బీస్ట్ మందలు జనవరి చివరి నుంచి ఫిబ్రవరి దాకా దక్షిణపు గడ్డినేలల్లో ఈనుతాయి. అగ్నిపర్వతాల బూడిద కలిసిన ఆ నేల మీద వానలకు మొలిచే పొట్టి గడ్డిలో సున్నమూ భాస్వరమూ పుష్కలంగా ఉండడమే అందుకు కారణం, కాబట్టి ఆ మహా ఘట్టం పచ్చని కాలపు వరమే. బోట్స్వానాలోని ఒకవాంగో డెల్టాలో సంగతి ఇంకో విధంగా ఉంటుంది: ఎక్కడో అంగోలా ఎత్తునేలల్లో కురిసిన వాన నెలల తరబడి ప్రవహించి, డెల్టాలో వానలు వెనుకబట్టిన తరువాత వరదగా చేరుతుంది. ఒక్కొక్క అడవికి నీటి లెక్క ఒక్కొక్క తీరుగా ఉన్నప్పుడు ఎటోషా కొలతతో కౌండిన్యను కొలవడం తగదు. చిత్తూరు సీమకు జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యం అనే రెండు ఋతుపవనాల వాటా ఉంది. ఆ రెండింటి తడి దక్కిన నెలల్లోనే ఈ అడవి నిండుగా బతుకుతుంది.

వేసవి పక్షం: ప్రతి అడవికీ దాని నీటి లెక్క ఉందన్న మాట ఒప్పదగినదే, అయితే ఆ లెక్కే ఇక్కడ వేసవికి బలమిస్తుంది. నంది కొండల్లో పుట్టి కర్ణాటకలో 93 కిలోమీటర్లు పారి ఆంధ్రప్రదేశ్‌లో 33 కిలోమీటర్లు మాత్రమే నడిచే పాలారూ, దానిలో కలిసే కౌండిన్య, కైగల్ ఏర్లూ ఎండల్లో చాలా చోట్ల ఇసుక మేటలుగా మిగులుతాయి. నీరు కనిపించని వాగులో ఏనుగు ముందుకాలి గోళ్ళతో ఇసుకను గీరి, తొండంతో ఎత్తి పక్కకు పోసి, గుంటలో ఊట దిగేదాకా కదలకుండా నిలబడుతుంది. మొదట ఊరిన మురికి నీటిని చిమ్మేసి, తేరిన నీటిని పీల్చుకుంటుంది. తెలుగు పల్లెల్లో మనుషులు తీసుకునే చెలమకూ దీనికీ తేడా లేదు, ఏనుగు వెళ్ళిపోయాక ఆ చెలమలోనే అడవిపందీ దుప్పీ దాహం తీర్చుకుంటాయి. ఒక జంతువు తెలివి తక్కిన జంతువులకు బతుకుతెరువు కావడం ఇంత స్పష్టంగా మరే ఋతువులోనూ కంటబడదు. దక్షిణాది రాష్ట్రాలు కలిసి ఒకేసారి జరిపిన ఏనుగుల లెక్కింపునకు 2024లో మే నెలను ఎంచుకున్నదీ, అందులో ఒక రోజును నీటి వనరుల దగ్గర కాపు వేసి లెక్కించడానికి కేటాయించినదీ ఈ వెసులుబాటు కోసమే.

వానల పక్షం: లెక్కించడానికి అనువైన కాలమూ, ఆ జీవి బతుకును తెలుసుకోవడానికి అనువైన కాలమూ ఒకటే కానక్కరలేదు. లెక్కింపు సిబ్బంది ఏడాదిలో రెండు మూడు రోజులు సద్దు చేయకుండా కూర్చుని వెళ్ళిపోతారు, సందర్శకులు మాత్రం రోజూ వస్తారు. పెద్ద ఏనుగుకు రోజుకు వంద లీటర్లకు పైగా నీరు కావాలి. అదీ ఎండల్లో పాలిచ్చే తల్లి అయితే దాని అవసరం మరింత ఎక్కువ. కుంట గట్టున వాహనం ఆగి ఉంటే గుంపును నడిపే పెద్ద ఆడ ఏనుగు చెట్ల మరుగునే ఆగిపోతుంది, దాని వెనుక గున్నలూ ఆగుతాయి, చూసేవారికి అది నిరీక్షణ అయితే వాటికి అది మరో గంట దాహం. ఎండిన గడ్డీ రాలిన ఆకూ నిప్పుకు సిద్ధంగా ఉండే కాలం కూడా ఇదే కనుక, ఆర్పకుండా పారవేసిన ఒక్క బీడీ ముక్క గుట్టనంతా కాల్చివేయగలదు. జంతువు మీద ఒత్తిడి అత్యధికంగా ఉన్న నెలలనే దర్శనానికి మంచి నెలలని పిలవడంలో ఉన్న నైతిక చిక్కును వేసవి పక్షం తప్పించుకోలేదు.

వేసవి పక్షం: ఆ చిక్కు ఉన్నదేనని అంగీకరించవలసిందే, దాహంతో ఉన్న జంతువుకూ నీటికీ నడుమ నిలబడే హక్కు ఎవరికీ లేదు. అయితే ఈ దోషం ఋతువుది కాక నడవడిది. కుంటకు చాలినంత దూరంలో, గాలి వాలు చూసుకుని కట్టిన మంచె మీద నుంచి చూడవచ్చు. అటవీశాఖ సాసర్ పిట్లని పిలిచే తక్కువ లోతు సిమెంటు తొట్లను ట్యాంకర్లతోనో సౌరశక్తి బోర్లతోనో నింపితే జంతువులు ఒకే కుంట మీద ఆధారపడనవసరం లేదు. పొరుగున కర్ణాటకలో కబిని జలాశయం వేసవిలో తగ్గి ఒడ్డు బయటపడినప్పుడు, ఆ తడి నేలలో మొలిచే లేత గడ్డి కోసం ఆసియా ఏనుగులు వందల సంఖ్యలో చేరడం లోకమంతా ఎరిగినదే. అక్కడ ఎండకాలం ఏనుగులకు చుట్టపు కూడలి వంటిది. వేరుపడిన కుటుంబాలు కలుసుకుంటాయి, మగ ఏనుగులు బలాబలాలు చూసుకుంటాయి, గున్నలు తోటి గున్నలతో ఆడుకుంటాయి. అలా చూస్తే వేసవి సమూహజీవనానికి కూడా కాలమే, దానిని ఒత్తిడి కాలమని మాత్రమే చెప్పడం అసంపూర్ణం.

వానల పక్షం: కబినికి విశాలమైన జలాశయం ఉంది, కౌండిన్యలో ఉన్నవి చిన్న కుంటలూ చెక్‌డ్యాములూ మాత్రమే, అందువల్ల ఆ కూడలి ఇక్కడ ఇరుకు సందుగా మారుతుంది. పైగా ఈ పీఠభూమిలో ఏప్రిల్, మే నెలల్లో మామిడి జల్లులు పడడం మామూలే. ఒక్క రాత్రి గట్టి వాన కురిస్తే కుంటలన్నిటా నీరు చేరి, ఒకచోట కనిపించే గుంపు మరునాటికి అడవంతా చెదిరిపోతుంది. కనుక వేసవి ఇచ్చే హామీ కూడా ఆకాశం మీద ఆధారపడినదే. వానలు వెనుకబట్టిన తరువాతి అడవి ఇచ్చేది వేరు. బైరెడ్డిపల్లె మండలంలోని కైగల్ జలపాతం, స్థానికుల నోట దుముకురాళ్ళు, నిండుగా దూకుతుంటుంది. దక్షిణ భారతపు రాతి గుట్టల పొదలలో తప్ప ప్రపంచంలో మరెక్కడా కనిపించని పసుపు గొంతు పిగిలిపిట్ట కూత బండల నడుమ వినిపిస్తుంది. ఋతుపవనపు గాలులతో పాటు ఆఫ్రికా నుంచి ఉత్తర, మధ్య భారతానికి చేరే చాతకం దక్షిణాదిలో స్థిరనివాసిగా కూడా ఉంది కనుక, వాన పక్షిగా పేరుపడిన ఆ జీవి రెండు ఖండాల ఋతువులను ఒకే దారంతో కట్టి చూపుతుంది.

వేసవి పక్షం: పిట్టలకూ జలపాతానికీ ఉన్న విలువ కాదనలేనిది, అయినా ఈ సీమకు దూరాల నుంచి వచ్చేవారిలో ఎక్కువమంది ఏనుగు కోసమే వస్తారు, వారికి చిత్తడి కాలం చూపేది ఏనుగు వెళ్ళిపోయిన గుర్తులను మాత్రమే.

వానల పక్షం: గుర్తులు చదవడం వచ్చినవారికి అవి తక్కువవి కావు. కుంట అంచున తడి మట్టిలో పడిన ముందుకాలి అడుగు పళ్ళెమంత వెడల్పున గుండ్రంగా ఉంటుంది, అరికాలి పగుళ్ళు దానిలో వేలిముద్రల్లా స్పష్టంగా దిగి ఉంటాయి. ఏనుగుల జాడ తీసే ట్రాకరు ఒక తాడును ఆ గుండ్రం చుట్టూ పరచి, ఆ కొలతను రెట్టింపు చేస్తే ఆ ఏనుగు భుజం దగ్గరి ఎత్తు దాదాపుగా తెలుస్తుంది. అడుగుల పక్కనే చిన్న అడుగులుంటే గున్న ఉన్నదనీ, ఒకే వరుస పెద్ద అడుగులుంటే ఒంటి ఏనుగనీ పోల్చుకోవచ్చు. పేడను విప్పి చూస్తే రాగి గింజలో, చింతగింజలో, వెదురు పీచో కనిపించి గత దినం అది ఎక్కడ మేసిందో చెబుతాయి. వేసవి గట్టి నేల మీద ఈ గ్రంథం రాయబడదు. కంటికి కనిపించిన ఏనుగును చూసినవాడు ఏనుగును చూస్తాడు, జాడను చదివినవాడు ఏనుగు బతుకును చదువుతాడు.

వేసవి పక్షం: జాడను చదివే విద్య గొప్పదే, కానీ దానిలోనే ఒక ప్రమాదం దాగి ఉంది. తాజా అడుగు కనిపించిందంటే ఏనుగు దగ్గరలోనే ఉన్నదని అర్థం, పచ్చని కాలంలో పొదలు నిలువెత్తు పెరిగి పది అడుగుల దూరంలోనిది కూడా కనబడదు. ఇక్కడ ఏనుగులతో పాటు ఎలుగుబంట్లు కూడా ఉన్నాయి. చూపు మందమైన ఎలుగు ఉలికిపడితే పారిపోవడానికి బదులు మీదపడడమే ఎక్కువ. అందుచేత చూపు ఆనడమనేది సందర్శకుని వినోదానికి మించినది, మనిషికీ జంతువుకీ మధ్య ఉండవలసిన దూరాన్ని కాపాడేది అదే. జాంబియాలో నడక యాత్రలకు పేరుపడిన దక్షిణ లుయాంగ్వాలో అనేక శిబిరాలు వానల నెలల్లో మూతపడతాయి, మన దేశంలో పులుల అభయారణ్యాల్లో ఎక్కువ భాగం వానాకాలంలో సందర్శనను నిలిపివేస్తాయి. వానల్లో అడవిని దాని మానాన విడిచిపెట్టాలన్న నియమాన్ని అనుభవజ్ఞులే ఏర్పరచుకున్నారు.

వానల పక్షం: ఈ అభ్యంతరం బలమైనది. వాన కురిసే నెలల్లో దట్టమైన పొదల్లోకి కాలినడకన వెళ్ళమని ఈ పక్షం ఎన్నడూ కోరదు, వానాకాలపు విరామం అడవికి దక్కవలసిన విశ్రాంతి. ఈ పక్షం సూచించేది వానలు వెనుకబట్టి, బాటలు ఆరి, పచ్చదనం మిగిలి ఉన్న డిసెంబరు, జనవరి నెలలను. ఆ నెలల్లో మేతకూ నీటికీ కరవు లేనందువల్ల జంతువు ఒంటి మీద కండ ఉంటుంది, గున్నలు తల్లుల వెంట నిశ్చింతగా తిరుగుతాయి. ఏడాదంతటిలో అడవి జీవి తన సహజ స్థితికి దగ్గరగా ఉండే కాలమది.

వేసవి పక్షం: సరిగ్గా ఆ నెలల దాకా సాగే కోతల కాలమే రైతుకు అత్యంత కష్టకాలమన్న సంగతిని మరువరాదు. జూన్, జూలైలలో విత్తిన వేరుశనగ, ఈ సీమ మాటలో చెనిక్కాయ, అక్టోబరు, నవంబరు నాటికి పెరుకుడుకు వస్తుంది. దాని వెంటే రాగి కంకులు ముదురుతాయి. చెరకూ అరటీ చేలలో ఉండనే ఉంటాయి. అడవిలో మేత ఉన్నా, కొద్ది చోటులో ఎక్కువ సారం దొరికే పంట ఏనుగును రప్పిస్తుంది. చెనిక్కాయ చెట్టును తొండంతో పెరికి, ముంగాలికి కొట్టి మట్టి దులుపుకొని నోట పెట్టుకునే ఏనుగు ఒక్క రాత్రిలో ఒక కుటుంబపు ఏడాది కష్టాన్ని తుడిచిపెట్టగలదు. రామకుప్పం అంచు పల్లెల్లో మంచెల దగ్గర నెగళ్ళు వేసుకుని రాత్రంతా మేలుకునే రైతుల పక్కనుంచి ఏనుగులు చూడవచ్చినవారి కార్లు సాగడం ఆ రైతులకు ఎలా తోచాలి? ట్రాకర్లూ అటవీ సిబ్బందీ గుంపులను చేల నుంచి మళ్ళించే పనిలో తలమునకలయ్యే వేళ, వారిని యాత్రికుల సేవకు పిలవడం న్యాయమా?

వానల పక్షం: న్యాయం కాదు. పంటకోతలు ముగిసేదాకా అడవి అంచు బాటల్లో యాత్రికులు తిరగకపోవడమే మేలని ఒప్పుకోక తప్పదు. అయితే వేసవి కూడా ఈ బాధ నుంచి బయటపడలేదు. మే నెల చివరి నుంచి తోతాపురి మామిడి కాయ పండుబారుతుంది, ఆ వాసనకు గుంపులు తోటల్లోకి దిగి కొమ్మలు విరుస్తాయి. విరిగిన కొమ్మ మరునాటికి మొలిచేది కాదు కనుక ఆ నష్టం రాగి చేను నష్టానికి మించి ఏళ్ళ తరబడి నిలుస్తుంది. అడవిలో నీరు అడుగంటినప్పుడు ఊరి బోర్ల తొట్ల దగ్గరికి ఏనుగు రావడం కూడా వేసవి ముచ్చటే. పంటను అడ్డుపెట్టి ఒక ఋతువును కొట్టివేస్తే రెండవదీ నిలవదు.

వేసవి పక్షం: రెండింటిలోనూ మచ్చ ఉన్నప్పుడు, ఎక్కువమందికి అందుబాటులో ఉన్నదాన్ని ఎంచుకోవడం సమంజసం. తెలుగు బడులకు దీర్ఘమైన సెలవులు దొరికేది ఏప్రిల్ చివరి నుంచి జూన్ నడిమి దాకానే. ఆ సెలవుల్లో కెన్యాకో టాంజానియాకో వెళ్ళే కుటుంబాలకు అక్కడి దీర్ఘ వర్షాలు, అంటే మార్చి నుంచి మే దాకా కురిసే ప్రధాన వానలు, ఎదురవుతాయి. అక్కడి మారా నదిని వైల్డ్‌బీస్ట్ మందలు దాటే దృశ్యం జూలై తరువాతి మాట కనుక దసరా సెలవులే దానికి కొంత అనువు. అంత ఖర్చూ ప్రయాసా లేకుండా, బెంగళూరు నుంచి రైలులోనే కుప్పం చేరి, పిల్లలకు ఒక అడవి ఏనుగును చూపగలిగే కాలం వారి సెలవులతో కలిసి రావడం ఈ సీమ భాగ్యం. చిన్ననాట ఒకసారి గుంపును చూసిన పిల్లవాడు పెద్దయ్యాక అడవికి అడ్డంగా గోడ కట్టడానికి వెనుకాడతాడు.

వానల పక్షం: పిల్లలకు ఏనుగును చూపడమే లక్ష్యమైతే ఋతువుతో పని లేని మార్గం ఉంది. రామకుప్పం మండలంలోని ననియాల శిబిరంలో జయంత్, వినాయక్ అనే కుంకీలను ఉంచారు. కుంకీ అంటే అడవి ఏనుగులను మళ్ళించడానికి తర్ఫీదు పొందిన ఏనుగు. 2025 మే నెలలో కర్ణాటక ప్రభుత్వం ఇచ్చిన మరికొన్ని కుంకీలకు పలమనేరు దగ్గర ముసలిమడుగులో శిబిరం ఏర్పడింది. మావటి చెప్పే మాటకు చెవి ఒగ్గి, స్నానానికి ఒదిగి పడుకునే ఏనుగును పిల్లలు అక్కడ దగ్గరగా చూడగలరు. అడవి ఏనుగును మాత్రం బడి సెలవుల పట్టికకు ఒదగమని కోరకూడదు.

వేసవి పక్షం: శిబిరంలోని ఏనుగు మనిషి మాటను ఎంత బాగా వింటుందో చూపుతుంది, అడవిలోని గుంపు మనిషి లేకుండా ఏనుగు ఎంత చక్కగా బతకగలదో చూపుతుంది. రెండవ పాఠం లేని మొదటి పాఠం పిల్లలకు ఏనుగును పనిముట్టుగానే పరిచయం చేస్తుంది. అయినా కుంకీల ప్రస్తావన ఒక సత్యాన్ని ముందుకు తెచ్చింది: అడవి ఏనుగులను మళ్ళించడానికి కుంకీలు అవసరపడిన నేల ఇది, కనుక ఇక్కడి యాత్ర జనావాసం లేని మైదానాల్లో చేసే సఫారీ వంటిది కాజాలదు.

వానల పక్షం: ఆ సత్యమే ఈ వాదానికంతటికీ మూలం. దాదాపు రెండు శతాబ్దాలు ఏనుగు జాడ లేని ఈ అడవులకు 1980లలో కర్ణాటక, తమిళనాడు సరిహద్దు అడవుల నుంచి గుంపులు తరలివచ్చాయి. పెద్దల నుంచి పెద్దలకు అందవలసిన ఏనుగులతో మెలిగే తెలివి అప్పటికే మాసిపోయింది కనుక, ఈ పల్లెలు దాన్ని ప్రాణాలతోనూ పంటలతోనూ వెల చెల్లించి మళ్ళీ నేర్చుకోవలసి వచ్చింది. అభయారణ్యం అటుపిమ్మటే వచ్చింది, 2003లో రాయల ఏనుగుల రిజర్వు ఏర్పడింది. ఏ నెలలో రావాలన్న ఎంపిక యాత్రికునికి ఉంది. చేను కాచే రైతుకు గానీ, ఆ చేనును చూసి ఆగలేని ఏనుగుకు గానీ అది లేదు.

వేసవి పక్షం: ఈ మాట తరువాత, ఎండకాలమే ఉత్తమమన్న వాక్యాన్ని తొలుత చెప్పినంత నిబ్బరంగా చెప్పడం సాధ్యం కాదు. అయినా చెలమ తవ్వుకునే ఏనుగును కళ్ళారా చూడడానికి వేసవికి సాటి లేదన్న అభిప్రాయం మాత్రం చెక్కుచెదరలేదు. దాహం తీర్చుకునే జీవికి దారి విడిచి, మామిడి కోతకు ముందే తిరిగి వెళ్ళే సందర్శకునికి మార్చి, ఏప్రిల్ నెలలు తగినవే.

వానల పక్షం: పచ్చని అడవే అసలైన అడవి అన్న అభిప్రాయం ఈ పక్షానికీ సడలలేదు, రాగి కోతలు ముగిశాక, ఎండలు ముదరక ముందు, సంక్రాంతి దాటిన కొద్ది వారాలే దానికి తగిన వ్యవధి అని మాత్రం ఈ సంవాదం ఇరుకుపరిచింది. ఈ రెండు కాలాల్లో దేనిని ఎంచుకున్నా, రాదలచినవారు బయలుదేరడానికి ముందే గుంపు ఎటు ఉన్నదో అటవీ సిబ్బందిని అడిగి, వారు వద్దన్న దినాన ప్రయాణం మానుకోవాలి. వచ్చినవారు పొద్దు గుంకకముందే అడవి అంచు బాటలను వదిలి వెళ్ళాలి. చీకటి పడ్డాక ఆ బాటల మీద ఏనుగులు దిగుతాయి, వాటి పక్కనే మంచెల మీద రైతులు మేలుకొని ఉంటారు.